వసంతం రాకముందే: పూలతోట ఉన్న ఇంట మినియేచర్ గాడిదలు

టెక్సాస్‌లో ఫిబ్రవరి సగం దాటిందంటే తోట కత్తెర్లు బయటికి వస్తాయి. చలికి మాడిన గన్నేరు కొమ్మలను కత్తిరించడం, గులాబీలను కురచ చేయడం, మళ్ళకు ఎరువు వేయడం అన్నీ మార్చి నెలాఖరులోపు ముగించాలన్న తొందరలో ఉంటాము. డాలస్ చుట్టుపక్కల ఎకరమో రెండెకరాలో స్థలమున్న ఇల్లు తీసుకుని, పెరట్లో మినియేచర్ (పొట్టి జాతి) గాడిదలను పెంచుకుంటున్న తెలుగువారు ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన రోజులు ఇవే. గాడిదలు పూలమొక్కలను పాడుచేస్తాయని కంచె కట్టించేవారు చాలామందే ఉన్నారు కాని, ఆ కంచె మీదుగా తోట చెత్త గాడిదల వైపు పడకుండా చూసుకునేవారు తక్కువ.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది గన్నేరు సంగతి. పూజకు పూలుంటాయని, ఎండకు తట్టుకుంటుందని మనం వరుసగా నాటుకునే ఈ మొక్కలో ఆకు, కొమ్మ, పువ్వు, వేరు అన్నీ విషమే. ఆ విషం గుండె లయను దెబ్బతీస్తుంది. పెద్ద గుర్రం ప్రాణం తీయడానికే పది ఇరవై ఆకులు చాలంటారు, మినియేచర్ గాడిద బరువు అందులో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పచ్చి ఆకు చేదుకు గాడిద సాధారణంగా మూతి తిప్పుకుంటుంది. కోసి పడేసిన ఆకు ఎండేకొద్దీ చేదు తగ్గుతుంది గాని విషం అలాగే ఉంటుంది, పైగా అది ఎండుగడ్డిలో కలిస్తే ఏరి పక్కన పెట్టడం గాడిద వల్ల కాదు. గాడిదలూ గుర్రాలూ వాంతి చేసుకోలేవు గనుక మింగినది బయటికి వచ్చే దారి కూడా లేదు.

అందువల్ల గన్నేరు కత్తిరించే రోజున గాడిదలను కొట్టంలోనే ఉంచి, మొక్క కింద టార్పాలిన్ పరిచి, రాలిన ఆకుతో సహా సంచుల్లో నింపి మూతి కట్టి పంపించేయండి. తగలబెట్టవద్దు, ఆ పొగ మనుషులకూ హానికరమే. నిరుడు మా ఇంట ఇంత జాగ్రత్తా పడ్డాక, మూడో రోజు ఉదయం చూస్తే గాలికి కొట్టుకొచ్చిన ఆకులు నాలుగు నీళ్ళ తొట్టిలో తేలుతున్నాయి. ఆ ఆకు నానిన నీరూ విషమే కనుక తొట్టి తోమించి, వారం తిరగకుండా గన్నేరు వరుస మొత్తం వేళ్ళతో తీయించి గులాబీలు వేశాం. అజేలియా, లాంటానా, ఉమ్మెత్త కూడా గాడిదకు అందకూడనివే. పక్కింటివారు ప్రేమకొద్దీ కంచె మీదుగా పచ్చిక కోత వేస్తుంటారు. అది కుప్పగా పులిసి కడుపునొప్పి తెస్తుందని ముందే వెళ్ళి చెప్పిరావడం మంచిది.

ఇక లేత గడ్డి. ఎండు నేలల్లో ముతక మేతకు అలవాటుపడిన జాతి కనుక, వసంతంలో తీపెక్కిన గడ్డిని విచ్చలవిడిగా మేస్తే లామినైటిస్ (గిట్ట లోపలి వాపు జబ్బు) వచ్చి గిట్టలు చెడిపోతాయి. గిట్ట వేడిగా తగిలినా, ముందుకాళ్ళ మీద బరువు మార్చుకుంటూ నిలబడినా మేత ఆపి పశువైద్యుణ్ణి పిలవండి. అలాగని లావెక్కిన గాడిదను ఒక్కసారిగా పస్తు పెట్టడం మరీ ప్రమాదం: ఒంట్లోని కొవ్వంతా రక్తంలోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. గాడిద నొప్పిని బయటపెట్టదు. పూటంతా మేత ముట్టకపోతే అదే అత్యవసరమని అనుకోవాలి. వైద్యానికి తీసుకువెళ్ళేటప్పుడు జతగాడిదనూ వెంట తీసుకువెళ్ళండి, ఆ ఎడబాటుకే మేత మానేసేవి ఉన్నాయి.

తోటకు గాడిదల వల్ల వచ్చే ముప్పు ఎరువులో ఉంది. గడ్డి పొలాల్లో కలుపు కోసం చల్లే అమైనోపైరాలిడ్, పిక్లోరామ్ వంటి మందులు గాడిద పొట్టలోనూ చావవు, పేడ కుప్పలో మాగినా త్వరగా పోవు. ఆ ఎరువు వేసిన మడిలో పూలమొక్కలు ముడుచుకుపోతాయి. ఎండుగడ్డి బేళ్ళు (కట్టలు) కొనేటప్పుడే అమ్మేవారిని ఈ మాట అడగండి. తెలియదంటే, మాగిన పేడను మట్టిలో కలిపి ఒక కుండీలోనూ, ఉత్త మట్టితో మరో కుండీలోనూ నాలుగేసి చిక్కుడు గింజలు ఫిబ్రవరి మొదట్లోనే ఇంట్లో కిటికీ దగ్గర పెట్టండి. మూడు వారాల్లో పేడ కుండీలోని ఆకులు గరిటెలా ముడుచుకుని, కాడ మెలితిరిగిందంటే ఆ కుప్పను ఆ ఏడాది మళ్ళ దరిదాపులకు రానివ్వకండి.