స్క్రాప్‌బుక్ చేయడం ఎలా? ఒక్క ప్రయాణంతో మొదలుపెట్టండి

స్క్రాప్‌బుక్ అంటే ఫొటోలు, టికెట్లు అతికించి పక్కన జ్ఞాపకాలు రాసుకునే పుస్తకం. ఆ మాట అనగానే చాలామంది పుట్టినప్పటి నుంచి ఉన్న ఫొటోలన్నీ మంచం మీద పరుస్తారు. సాయంత్రానికి అన్నీ మళ్లీ డబ్బాలోకి వెళ్లిపోతాయి. అందుకే మొదటిసారి ఒక్క సందర్భం చాలు. నేను మా వాడి పుట్టువెంట్రుకలకు తిరుమల వెళ్లొచ్చిన ప్రయాణంతో మొదలుపెట్టాను. పది ఫొటోలు, నాలుగు కాగితాలు, ఆరు పేజీలు. అంతే.

ముందు కాగితాలు పోగేయండి. గుడి లోపలికి ఫోన్ పట్టుకెళ్లనివ్వరు కాబట్టి అక్కడి జ్ఞాపకానికి దర్శనం టికెట్టే దిక్కు. అయితే మిషన్‌లోంచి వచ్చే బస్సు టికెట్లు, బిల్లులు థర్మల్ పేపర్ మీదివి. అందులో ఇంకు ఉండదు, వేడి తగిలి నల్లబడిన అక్షరాలవి. నేను దాచుకున్న టికెట్ ఏడాది తిరిగేసరికి తెల్లకాగితం అయిపోయింది. ఇంటికి రాగానే జిరాక్స్ తీయించి, ఆ కాపీనే అతికించండి. లడ్డూ కవర్ మాత్రం వద్దు. నెయ్యి మరక పక్క పేజీకి కూడా పాకుతుంది.

సామాన్లకు కిట్ కొనక్కర్లేదు. దళసరి పేజీల స్పైరల్ పుస్తకం తీసుకోండి, 200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే అంకె, పెరిగేకొద్దీ కాగితం దళసరి) అయితే బాగుంటుంది. పలచటి నోటుపుస్తకం గమ్ తడికి ముడతలు పడుతుంది. దొరికితే యాసిడ్ ఫ్రీ అని రాసి ఉన్నదే కొనండి, త్వరగా పసుపెక్కదు. కత్తెర, స్కేలు, రెండువైపులా అంటుకునే డబుల్ టేప్, ఫొటో మూలల్ని పట్టి ఉంచే ఫొటో కార్నర్లు ఉంటే పని జరిగిపోతుంది. మామూలు సెల్లోటేప్ జోలికి పోకండి, కొన్నేళ్లకు జిగురు కారి మచ్చ మిగులుతుంది.

పాత ఫొటో ఏదైనా పెట్టాలంటే స్కాన్ చేసి 4x6 ప్రింటు వేయించండి. అసలుది అలాగే దాచండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటుకుపోయి ఉంటే లాగకండి, చిరుగుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో వెనకనుంచి మెల్లగా రంపంలా ఆడిస్తే చాలాసార్లు ఊడొస్తుంది.

ఇక అమరిక. ఏదీ అతికించకుండా పేజీ మీద పెట్టి, అటూ ఇటూ జరిపి, బాగుందనిపించినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. దాన్ని చూస్తూ అతికించండి. పేజీకి ఒక పెద్ద ఫొటో, పక్కన ఒకటో రెండో చిన్నవి. రాయడానికి మూడో వంతు ఖాళీ వదలండి. స్టిక్కర్లు, రిబ్బన్లు మీ ఇష్టం, నాకైతే చూడగానే తలనొప్పి.

అసలు పని రాతలో ఉంది. 'మధుర జ్ఞాపకాలు' అని రాస్తే ఏ ఇంటి పుస్తకానికైనా సరిపోతుంది. నేను రాసింది ఇది: 'కల్యాణకట్టలో వాడు ఏడవలేదు, వాళ్ల తాతయ్య ఏడ్చారు. తిరిగొచ్చేసరికి నా చెప్పులు లేవు. గదిదాకా ఉత్తకాళ్లతో నడిచాను.' తేదీ, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు, వరసలు తప్పకుండా రాయండి. పాత ఫొటోల్లో ఎవరెవరో అమ్మమ్మను ఇప్పుడే అడగండి. ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిలే వాడండి. బాల్ పెన్ నొక్కితే ముందువైపు గీత తేలుతుంది.

పూర్తయ్యాక వానాకాలంలో చెమ్మెక్కే గోడకు దూరంగా పెట్టండి. చివర రెండు పేజీలు ఖాళీగా ఉంచండి. మా పుస్తకం చూసిన రోజే మా ఆడపడుచు, 'గుండుతో వాణ్ని నేనెత్తుకున్న ఫొటో నా ఫోన్‌లో ఉంది వదినా' అంది.