లాన్ తీసేసి మన మొక్కలు పెట్టుకోవాలంటే: హైదరాబాద్ ఇళ్ల కోసం

గేటు లోపల కాస్త జాగా ఉంటే చాలు మెక్సికన్ గ్రాస్ పరిపించేస్తున్నారు అందరూ, చూడ్డానికి బానే ఉంటది, కానీ ఏప్రిల్‌లో లెక్క చూడండి. మండుటెండల్లో లాన్ పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకి రోజుకి ఐదారు లీటర్లు కావాలి. 100 గజాల లాన్ అంటే దాదాపు 84 చదరపు మీటర్లు, అంటే రోజుకి 400 నుంచి 500 లీటర్లు, 5000 లీటర్ల ట్యాంకర్ తెప్పిస్తే పది పన్నెండు రోజుల్లో గడ్డే తాగేస్తది. మనకి పడే వాన ఏడాదికి 800 మిల్లీమీటర్లు అటూఇటూ, అందులో ఎక్కువ శాతం జూన్ నుంచి అక్టోబర్ లోపే. మిగతా నెలలు ఎండకి ఓర్చుకునే మొక్కలే మనకి కావాల్సింది.

మొత్తం లాన్ పీకేయక్కర్లేదండి. పిల్లలు ఆడుకునే చోటు, సాయంత్రం కుర్చీలేసుకునే చోటు ఉంచుకోండి, అదీ గరికతో చాలు, ఎండాకాలం ఎండినట్టు కనిపించినా మొదటి వానకి మళ్లీ లేస్తది. ఎవరూ కాలు పెట్టని మూలలు, గోడ పక్కన పట్టీలు, ముందు అవి మార్చండి.

గడ్డి చంపడానికి మందులు కొట్టొద్దు, మన ఎండ ఉందిగా. ఏప్రిల్ మేలో నేల బాగా తడిపి, అవతల కనిపించేంత పల్చటి ప్లాస్టిక్ షీట్ పరిచి అంచులు మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి, లోపలి వేడికి గడ్డీ, పైనున్న విత్తనాలూ చాలావరకు పోతాయి. తుంగ ఉంటే మాత్రం ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు, దాని గడ్డలు లోతుగా ఉంటాయి, తవ్వి చేత్తో ఏరాల్సిందే. ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి కింద ఏముందో కూడా చూసుకోండి, చాలా ఇళ్లలో పైన నాలుగు అంగుళాల ఎర్రమట్టి, దాని కింద అంతా ఇల్లు కట్టినప్పటి కంకర, సిమెంట్ ముక్కలే. అవి తీసేసి పశువుల ఎరువు కలపండి. డాబా మీది వాన నీళ్ల పైపు ఇంకుడు గుంతకి కలపడానికి కూడా ఇదే టైం.

మృగశిర కార్తె వచ్చి రెండు గట్టి వానలు పడ్డాక నాటండి. చెట్టు ఒకటి పెట్టే జాగా ఉంటే పడమర వైపు పెట్టండి, మధ్యాహ్నం ఎండ గోడకి తగలకుండా ఆపుతది. జాగా ఎక్కువుంటే కానుగ, రేల, పొగడ, తక్కువుంటే పారిజాతం, కరివేపాకు. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించే పురుగులుంటే చంపకండి, నల్ల సీతాకోకచిలుకలయ్యేవి అవే.

పొదల్లో నా ఓటు తంగేడుకే. రాష్ట్ర పుష్పం అంటాం, బతుకమ్మకి ఊళ్ల నుంచి తెప్పించుకుంటాం, నర్సరీలో అడిగితే మాత్రం చాలాచోట్ల లేదంటారు! కాయలు ఎండాక గింజలు తెచ్చుకుని, వేడి నీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి నేరుగా నేలలోనే పెట్టండి, తల్లివేరు లోతుకి పోతది కాబట్టి పెద్దయ్యాక పీకి వేరే చోట నాటితే సరిగ్గా పట్టదు. నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు. దానికి తోడు వావిలి, అడ్డసరం, గోరింటాకు, నీడ పడే చోట కనకాంబరం, డిసెంబరాలు.

అన్నీ ఇక్కడ పుట్టినవే ఉండాలని పట్టుదల అక్కర్లేదు. బిళ్ల గన్నేరు మడగాస్కర్ నుంచి, కాగితం పూలు దక్షిణ అమెరికా నుంచి వచ్చాయి, మన ఎండకి బాగా అలవాటు పడ్డాయి, పెట్టుకోండి. కానీ లాంటానా, వెడేలియా వద్దు. పసుపు పూలతో నేలంతా పరుచుకునే ఆ వెడేలియాని నర్సరీ వాళ్లు లాన్‌కి బదులని తెగ అమ్ముతారు, ఒకసారి పట్టిందంటే పక్కన ఇంకేదీ బతకదు.

మొదటి ఏడాది మొక్కల మధ్య ఖాళీలు చూసి కంగారుపడి దగ్గర దగ్గరగా నాటేస్తారు, అలా చేయకండి, పొదకీ పొదకీ నాలుగైదు అడుగులు వదిలి మధ్యలో ఉలవలు చల్లండి. తక్కువ నీళ్లతో నేల కప్పుతది, మట్టికి నత్రజని కూడా. నడిచే దారికి తాండూరు బండలు. మిగతా చోట ఎండుటాకులు రెండు మూడు అంగుళాలు పరవండి, కాకపోతే మొక్క మొదలుకీ ఇంటి గోడకీ ఆనకూడదు, చెదలు పడతాయి.

నీళ్లు మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు, కాస్త లోతుగా దిగేలా. రెండో ఎండాకాలానికి పొదలకి పది పదిహేను రోజులకోసారి సరిపోద్ది.

పొదలుంటే పాములొస్తాయి అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, భయం ఉత్తదేం కాదు, ఎలుకలుంటే వస్తాయి. గుమ్మం నుంచి ఆరడుగుల దూరం వరకు పొట్టి మొక్కలే పెట్టి, పొదల కింది కొమ్మలు అడుగు ఎత్తు దాకా కొట్టేసి, ఇటుకల కుప్పలు తీసేయండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే అసోసియేషన్ వాళ్లు పిచ్చి మొక్కలంటారు, రోడ్డు వైపు అంచుకి బండలు వరసగా పెట్టి నీట్‌గా ఉంచితే చాలావరకు నోరెత్తరు. అన్నిటికన్నా ముఖ్యం, తోటమాలికి తంగేడు మొలక ఎలా ఉంటదో ముందే చూపించి పక్కన పుల్ల గుచ్చండి, లేకపోతే కలుపనుకుని పీకేస్తాడు.