ఇంజన్ మౌంటింగ్‌లు: అదురు ఎక్కడిదో తేల్చుకున్నాకే స్పానర్ పట్టండి

సిగ్నల్ దగ్గర ఆగి ఏసీ వేయగానే స్టీరింగ్ జివ్వుమంటుంది, డోర్ ట్రిమ్ గలగలమంటుంది. సంగతి చెబితే చాలామంది మెకానిక్‌లు బానెట్ ఎత్తకముందే ‘మౌంటింగ్ పోయింది సార్’ అనేస్తారు. నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. మౌంటింగ్ అంటే ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు ఆనింపు. అది అదురు పుట్టించదు, ఇంజన్‌లో పుట్టిన అదురును బాడీలోకి రాకుండా ఆపుతుంది. అందుకని ఇంజనే మామూలుకంటే ఎక్కువ అదురుతోందా, మామూలు అదురే లోపలికి వచ్చేస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఏది ఎక్కడుంటుంది, ఏ పని చేస్తుంది

ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పే చిన్న కార్లలో సాధారణంగా మూడు మౌంటింగ్‌లు ఉంటాయి. టైమింగ్ చెయిన్ లేదా బెల్ట్ ఉన్న వైపు ఒకటి, గేర్‌బాక్స్ మీద ఇంకొకటి. గేర్‌బాక్స్‌ది చాలా కార్లలో బ్యాటరీ ట్రే కింద కనిపిస్తుంది. బరువంతా ఈ రెండే మోస్తాయి. మూడోది కింద, వెనకవైపు ఉండే పొట్టి కడ్డీ. దాని చివర్లలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. దీన్ని టార్క్ రాడ్ అంటారు. బరువు మోయదు, ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టుకుంటుంది. కొన్ని మోడళ్లలో ముందు కూడా ఒకటి ఉండి మొత్తం నాలుగవుతాయి. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి, ఇంజన్ పొడవునా కూర్చునే బళ్లలో ఇంజన్‌కి చెరోపక్క ఒకటి, గేర్‌బాక్స్ కింద ఒకటి ఉంటాయి.

టార్క్ రాడ్ ముందుగా ఎందుకు అరుగుతుందో ఒక లెక్కతో తెలుస్తుంది. చిన్న పెట్రోల్ ఇంజన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 110 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేరు, ఫైనల్ డ్రైవ్ రెండూ కలిసి దాన్ని దాదాపు 14 రెట్లు చేస్తే చక్రాల దగ్గరికి 1,500 పైచిలుకు చేరుతుంది. ముందు చక్రాల కార్లలో రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ కూడా గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది కాబట్టి, చక్రాలను ఎంత బలంగా ముందుకు తిప్పితే అంత బలంగా మొత్తం యూనిట్ వెనక్కి తిరగబోతుంది. ఆ దెబ్బ కాసేది ప్రధానంగా ఈ కడ్డీయే. క్లచ్ ఠక్కున వదిలేవాళ్ల బండిలోనూ, ఇంకా వెనక్కి దొర్లుతుండగానే ఫస్ట్ వేసేవాళ్ల బండిలోనూ ముందుగా చిరిగేది దీని బుష్.

పైరెండింటిలో కొన్ని ఉత్త రబ్బరు, కొన్ని హైడ్రాలిక్. హైడ్రాలిక్‌లో రబ్బరు కింద రెండు గదులు, మధ్యలో సన్నని దారి, అందులో ద్రవం ఉంటాయి. గుంతలో పడ్డప్పుడు ఇంజన్ ఎగిరిపడకుండా ఆ ద్రవం అణుస్తుంది. అది కారిపోతే మౌంటింగ్ పైకి బాగానే కనిపిస్తూ లోపల కూలిపోతుంది. కింద నల్లటి జిడ్డు మరక ఉందేమో వెతకండి.

ముందు ఇంజన్‌ని అనుమానించండి

850 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకు దాదాపు 28 సార్లు మండుతుంది, మూడు సిలిండర్లది 21 సార్లే. లెక్క తగ్గేకొద్దీ రబ్బరు ఆపడం కష్టం. పైగా మూడు సిలిండర్ల ఇంజన్‌కి ఈ చివర నుంచి ఆ చివరకు ఊగే గుణం పుట్టుకతోనే ఉంది. ఆల్టో కే10, టియాగో, 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ అలాంటివే. కొత్త బండిలోనే కాస్త అదురుంటే కంగారు పడనక్కర్లేదు. నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందా అన్నదే చూడాలి.

ఆర్‌పీఎం ముల్లు ఎగుడుదిగుడుగా ఊగుతూ, సైలెన్సర్ దగ్గర శబ్దం తెగితెగి వస్తూ, చెక్ ఇంజన్ లైటు వెలిగితే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్ సరిగ్గా మండట్లేదు. ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ చూపించండి. అక్కడ మౌంటింగ్ మారిస్తే డబ్బు దండగ. 80-100 వేగంలో మాత్రమే స్టీరింగ్ ఊగితే వీల్ బ్యాలెన్సింగ్, బ్రేక్ వేస్తేనే ఊగితే డిస్కులు. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లలో ఒకటి తెగినా అచ్చం మౌంటింగ్ పోయినట్టే అనిపిస్తుంది. దాని ధర చాలా తక్కువ, అందుకే కింద దూరినప్పుడు ముందు అదే చూడండి.

మౌంటింగ్ లక్షణాలు వేరు: ఇంజన్ ఆపగానే ఒక్క కుదుపు, ఫస్ట్ నుంచి రివర్స్‌కి మారినప్పుడు కింద ‘టంగ్’మని దెబ్బ, ఆటోమేటిక్‌లో బ్రేక్ మీద ఆగినప్పుడు డ్రైవ్‌లో ఉన్న అదురు న్యూట్రల్‌లో తగ్గిపోవడం.

ఇద్దరుండి చేసే పరీక్ష

చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. బానెట్ తెరిచి పక్కన నిలబడండి. కారు ఎదురుగా ఎట్టి పరిస్థితిలోనూ నిలబడొద్దు. సీట్లో ఉన్నవాళ్లు బ్రేక్ గట్టిగా తొక్కి, ఫస్ట్ వేసి, బండి లాగబోయేంతవరకు మాత్రం హాఫ్ క్లచ్ వదిలి వెంటనే తొక్కేయాలి. తర్వాత రివర్స్‌లో అలాగే. రెండు సెకన్లు చాలు, ఎక్కువసేపు చేస్తే క్లచ్ ప్లేటు కాలుతుంది.

ఇంజన్ కాస్త కదలడం మామూలే. అంగుళానికి మించి ఊగినా, ఒక వైపే పైకి లేచి ధబ్బున కూర్చున్నా ఆ వైపుది అయిపోయినట్టే. తర్వాత ఇంజన్ ఆపి, టార్చి వేసి రబ్బరు చూడండి. పైపైన సన్నని గీతలు వయసు వల్ల వచ్చేవి. రబ్బరు ఇనుము నుంచి విడిపోయిందా, చీలికలోకి స్క్రూడ్రైవర్ మొన దిగుతోందా అన్నదే తీర్పు.

పాడైనదాన్ని అలాగే నడిపిస్తే మిగతా రెండిటి మీదా భారం పడుతుంది. సైలెన్సర్ ఫ్లెక్స్ పైపు చిరుగుతుంది, రేడియేటర్ హోసులు రాసుకుంటాయి, కేబుల్ గేర్ల బండిలో గేర్లు సరిగ్గా పడవు.

రబ్బరును చంపేది ఎక్కువగా నూనే

ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ నుంచి కారిన ఇంజన్ ఆయిల్ నేరుగా మౌంటింగ్ మీద పడే మోడళ్లు చాలా ఉన్నాయి. రబ్బరు ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. లీకు ఆపకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్ మీదా కిందా డీజిల్ కొట్టే అలవాటు కూడా ఇంతే చెరుపు చేస్తుంది. మెరుస్తుందని సంబరపడకండి, వద్దని ముందే చెప్పండి. చీలికల్లో ట్యూబు ముక్కలు కుక్కడం, సీలెంట్ నింపడం అదురును ఇంకా బాడీలోకి ఎక్కిస్తాయి.

మార్చేటప్పుడు

టార్క్ రాడ్ ఒక్కటే అయితే పైరెండింటికిలా ఇంజన్‌ని జాకీతో మోయాల్సిన పని లేదు. కారును స్టాండ్ల మీద నిలిపి రెండు మూడు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు.

పైవాటికి బ్యాటరీ నెగటివ్ తీసేసి మొదలుపెట్టండి. గేర్‌బాక్స్ వైపైతే బ్యాటరీ, ట్రే, చాలావాటిలో ఎయిర్ ఫిల్టర్ బాక్స్ కూడా రావాలి. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి మందం చెక్క పెట్టి జాకీ ఆనించండి. చెక్క లేకపోతే అల్యూమినియం చాంబర్ పగులుతుంది, రేకుదైతే సొట్టపడి ఆయిల్ పంపు నోటికి అడ్డొస్తుంది. బరువు జాకీ మీదికి వచ్చేంతే ఎత్తండి, అంతకు మించితే హోసులు లాగేసుకుంటాయి. ఒకసారికి ఒక మౌంటింగే విప్పండి. జపాన్ కార్లలో ఎక్కువగా 14, 17 సాకెట్లు పడతాయి.

పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టి ఎత్తు, రంధ్రాలు పోల్చండి. బోల్టులన్నీ చేత్తో నాలుగైదు మరలు ఎక్కాకే స్పానర్ వాడాలి. రంధ్రం కలవకపోతే జాకీని కొంచెం పైకీ కిందికీ జరపండి, బోల్టుతో లాగితే మర పోతుంది. జాకీ పూర్తిగా తీసి, బరువు మౌంటింగ్ మీద కూర్చున్నాక, ఇంజన్‌ని చేత్తో నాలుగుసార్లు ఊపి అప్పుడు బిగించండి. టార్క్ రాడ్ బోల్టులు అన్నిటికంటే చివర. ఎంత బలంతో బిగించాలో మీ మోడల్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్ వాడండి. డిగ్రీల లెక్కన తిప్పమని రాసిన బోల్టులు చాలావరకు ఒక్కసారి వాడేవే, కొత్తవి కొనాలి.

కొత్తవి వేశాక అదురు పెరిగితే మొదట ఈ బిగింపునే అనుమానించండి. రబ్బరు మెలిపడి బిగుసుకుంటే అలాగే ఉంటుంది. బోల్టులు వదులుచేసి, ఇంజన్ ఊపి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అయినా తగ్గకపోతే అది రబ్బరు మరీ గట్టిగా పోసిన డూప్లికేటై ఉండొచ్చు. ఖర్చు ఎక్కువైనా కంపెనీ పార్టే కొనండి.

టైమింగ్ బెల్ట్ మార్చే పని దగ్గర్లో ఉంటే ఆ వైపు మౌంటింగ్ ఎలాగూ విప్పుతారు. రబ్బరు అరకొరగా కనిపిస్తే అప్పుడే మార్పించండి, కూలి మిగులుతుంది. మార్చాక 500 కిలోమీటర్లు నడిచినప్పుడు ఒక్కసారి బోల్టులు చూసుకుని, ప్రతి 10,000 కిలోమీటర్ల సర్వీసులో టార్చి వేసి రబ్బరు తడిగా ఉందేమో చూడండి.