పోర్షే 911లో వేరియంట్లను, లిమిటెడ్ ఎడిషన్లను గుర్తుపట్టే పద్ధతి

పోర్షే 911 కొనాలనుకునేవారికైనా, ఇష్టం కొద్దీ ఆ కార్లను గమనించేవారికైనా మొదట ఎదురయ్యే చిక్కు పేర్లతోనే. కరేరా, కరేరా ఎస్, కరేరా టీ, జీటీఎస్, టార్గా, టర్బో, టర్బో ఎస్, జీటీ3, జీటీ3 ఆర్ఎస్ అంటూ మామూలు జాబితాయే చాంతాడంత ఉండగా, దానికి తోడు డాకార్, స్పోర్ట్ క్లాసిక్, ఎస్/టీ వంటి లిమిటెడ్ ఎడిషన్లు వచ్చి చేరాయి. వీటన్నిటినీ బట్టీ పట్టనక్కరలేదు. ఏ 911 ఎదురైనా ముందు దాని తరం, తర్వాత మోడల్, ఆ తర్వాత ఆప్షన్లు, అన్నిటికంటే చివర ఎడిషన్ పేరు చూసే అలవాటు చేసుకుంటే చాలు. చాలామంది ఎడిషన్ పేరుతోనే మొదలుపెడతారు. ధర విషయంలో మోసపోవడానికి అది దగ్గరి దారి. ఈ వ్యాసంలో 2011 తర్వాత వచ్చిన రెండు తరాలనే, అంటే 991, 992లనే తీసుకుంటున్నాను. శక్తి అంకెలన్నీ ఐరోపాలో వాడే పీఎస్ కొలతలో ఉన్నాయి.

తరం తేల్చడానికి కారును వెనక నుంచి చూడడం మంచిది. 991లో రెండు టెయిల్ ల్యాంపులను కలుపుతూ సాగే ఎర్రని లైటు పట్టీ ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే ఏర్పాటు) ఉన్న కార్లకే ఉండేది. వెనక బాడీ వెడల్పు కూడా మామూలు కరేరాకు తక్కువగా, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న కరేరా 4కు ఎక్కువగా ఉండేది. 2018 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆవిష్కరించిన 992లో ఈ రెండు తేడాలూ పోయాయి. కరేరాలన్నిటికీ వెడల్పు బాడీయే, అన్నిటికీ లైటు పట్టీయే. కాబట్టి పట్టీని చూసి ‘ఇది 4 అయి ఉంటుంది’ అనుకోవడం 991 విషయంలో సరిపోతుంది గానీ, 992 విషయంలో చెల్లదు.

ప్రతి తరంలోనూ మధ్యలో ఒక పెద్ద మార్పు వస్తుంది. అభిమానులు దాన్ని పాయింట్ టూ అని పిలుస్తారు. దానికి ముందు వచ్చినవి తొలి విడత, తర్వాత వచ్చినవి రెండో విడత. 991లో ఆ మార్పు 2015లో వచ్చింది, అది చాలా ముఖ్యమైనది. అంతకుముందు కరేరాలో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని 3.4 లీటర్ల ఇంజన్ (350 పీఎస్), కరేరా ఎస్‌లో 3.8 లీటర్ల ఇంజన్ (400 పీఎస్) ఉండేవి. మార్పు తర్వాత రెండింటికీ 3 లీటర్ల ట్విన్ టర్బో ఇంజన్ పెట్టి, శక్తిని 370, 420 పీఎస్‌లకు పెంచారు. బయట నుంచి తెలుసుకోవాలంటే వెనక ఇంజన్ మూత మీది పలకలను చూడండి. పాతవాటిలో అవి అడ్డంగా, కొత్తవాటిలో నిలువుగా ఉంటాయి. 992లో ఈ మార్పు 2024 మే నెలలో మొదలైంది. డ్రైవరు ముందున్న మీటర్ల స్థానంలో పూర్తి డిజిటల్ తెర వచ్చింది. కరేరాలలో ఎడమవైపున్న, తిప్పి స్టార్ట్ చేసే స్విచ్ పోయి నొక్కే బటన్ వచ్చింది. జీటీఎస్‌కు 3.6 లీటర్ల హైబ్రిడ్ ఇంజన్ పెట్టి 541 పీఎస్‌కు తీసుకెళ్లారు. అంతకుముందున్న 992 జీటీఎస్‌ది 480 పీఎస్. ‘992 జీటీఎస్’ అని మాత్రమే చెప్పే అమ్మకందారును మొదటిదా, రెండోదా అని అడగకుండా ధర మాట్లాడకూడదు.

తరం తేలాక మోడల్ సంగతి. ఇక్కడ కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది టర్బో అన్న పేరు. 2015 తర్వాతి కరేరాలన్నిటికీ టర్బో ఇంజన్లే ఉన్నా, ‘911 టర్బో’ అన్నది వేరే మోడల్. దాని వెనక మడ్‌గార్డుల మీద గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు కనిపిస్తాయి. 992 తొలి విడతలో టర్బోకు 580 పీఎస్, టర్బో ఎస్‌కు 650 పీఎస్ ఇచ్చారు. జీటీ3 దీనికి పూర్తిగా భిన్నం. అందులో టర్బో లేని 4 లీటర్ల ఇంజన్ నిమిషానికి 9,000 చుట్ల దాకా తిరుగుతుంది. 992 జీటీ3 శక్తి 510 పీఎస్. పోర్షే మామూలు రోడ్డు 911లలో ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటిగా రెండు చేతులు పట్టి ఉంచే అమరిక) మొదట దీనికే పెట్టింది. అంకెల్లో టర్బో ఎస్ కంటే వెనకబడినట్టు కనిపించినా, రేసు ట్రాక్ మీద గంటల తరబడి నడపడానికి తయారైన కారు ఇదే. దీన్ని టర్బోతో పోల్చి ‘శక్తి తక్కువ’ అని తీసిపారేయడం సరికాదు.

సైలెన్సర్ గొట్టాలు కూడా కొంత చెబుతాయి. 992 తొలి విడతలో మామూలు కరేరాకు పక్కకొకటి చొప్పున దీర్ఘచతురస్రాకారపు గొట్టాలు, కరేరా ఎస్‌కు పక్కకు రెండేసి గుండ్రటి గొట్టాలు, స్పోర్ట్ ఎగ్జాస్ట్ ఆప్షన్ తీసుకుంటే కోలగా ఉండే గొట్టాలు ఉంటాయి. జీటీ3కి రెండూ నడిమధ్యన ఉంటాయి. అయితే 991 రెండో విడతలో స్పోర్ట్ ఎగ్జాస్ట్ తీసుకున్న కరేరాకు కూడా గొట్టాలు మధ్యలోనే వస్తాయి కనుక, ఆ ఒక్క గుర్తుతో జీటీ3 అని తీర్మానించడం తప్పు. వెనక రెక్కను, బంపరును, అక్షరాలను తర్వాత బిగించవచ్చు. అందుకే లోపల కూడా చూడాలి. 992 తొలి విడత జీటీ3కి వెనక సీట్లు ఉండవు. రెక్క లేని జీటీ3 కనబడితే అది టూరింగ్, అంటే జీటీ3లోనే పెద్ద రెక్క లేకుండా వచ్చే రకం కావచ్చు. రెండో విడత టూరింగ్‌కు మొదటిసారిగా వెనక సీట్లను ఆప్షన్‌గా ఇచ్చారు కాబట్టి, ఆ విడతలో సీట్లు ఉన్నంత మాత్రాన అనుమానించనక్కరలేదు.

జీటీ3 ఆర్ఎస్‌ను గుర్తించడం మాత్రం తేలిక. 992 ఆర్ఎస్‌లో రేసు కారులో లాగా ముందు మధ్యభాగంలో ఒకే పెద్ద రేడియేటర్ పెట్టారు. దానివల్ల ముందు డిక్కీ పూర్తిగా పోయింది. బానెట్ మీద రెండు పెద్ద రంధ్రాల గుండా వేడిగాలి బయటికి వస్తుంది. 525 పీఎస్ అన్న అంకె కంటే దీని విషయంలో చెప్పుకోవలసింది, గంటకు 285 కిలోమీటర్ల వేగంలో గాలి దీన్ని 860 కిలోల బరువుతో రోడ్డుకు అదిమి పట్టడం. వైజాక్ ప్యాకేజ్ అన్న మాట ప్రకటనలో కనిపిస్తే అది ఎడిషన్ కాదని, ఆప్షనేనని గుర్తుంచుకోవాలి. అదనంగా కార్బన్ ఫైబర్ భాగాలు వస్తాయి, ధర కూడా అంతే ఘనంగా పెరుగుతుంది. పసుపు రంగు బ్రేక్ కాలిపర్లు సాధారణంగా సిరామిక్ బ్రేకులకు గుర్తు. కానీ సిరామిక్ బ్రేకులకు నలుపు రంగు కాలిపర్లు ఎంచుకునే వీలుంది కనుక, పసుపు లేకపోతే సిరామిక్ లేదని అనుకోకూడదు.

ఇక లిమిటెడ్ ఎడిషన్లు. నా లెక్కలో వీటిని రెండు గుంపులుగా విడదీయాలి. మొదటి గుంపులో ఉన్నవి యాంత్రికంగానే వేరైన కార్లు. అంటే ఆ ఇంజన్, ఆ గేర్‌బాక్స్, ఆ బాడీ కలిసి మరే 911లోనూ దొరకవు. రెండో గుంపులోవి మామూలు మోడల్‌కే ప్రత్యేకమైన రంగు, సీట్ల బట్ట, నంబరు పలక చేర్చి తెచ్చినవి. రెండింటికీ పరిమిత సంఖ్య ఉంటుంది, రెండింటి ప్రకటనల్లోనూ మాటలు ఒకేలా ఉంటాయి, కానీ వాటి విలువ ఒకటి కాదు.

మొదటి గుంపుకు చక్కని ఉదాహరణ 2023లో వచ్చిన 911 ఎస్/టీ. జీటీ3 ఆర్ఎస్‌లోని 525 పీఎస్ ఇంజన్‌ను రెక్క లేని బాడీలో పెట్టి, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌ను, తేలికైన క్లచ్‌ను చేర్చారు. తలుపులు, పైకప్పు, బానెట్, ముందు మడ్‌గార్డులు కార్బన్ ఫైబర్‌తో, చక్రాలు మెగ్నీషియంతో చేశారు. జీటీ3లో ఉండే వెనక చక్రాల స్టీరింగ్‌ను సైతం బరువు కోసం తీసేశారు. ఇంత చేస్తే కారు బరువు 1,380 కిలోలకు దిగింది. ఆర్డర్ పత్రంలో ఎన్ని ఆప్షన్లకు టిక్కు పెట్టినా మామూలు జీటీ3ని ఇలా తయారు చేయించుకోలేరు. 2022 నాటి స్పోర్ట్ క్లాసిక్ కూడా ఈ గుంపులోనిదే. టర్బో బాడీ తీసుకుని, పక్క రంధ్రాలు లేకుండా చేసి, 550 పీఎస్ ట్విన్ టర్బో ఇంజన్‌కు ఏడు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌ను, కేవలం వెనక చక్రాల డ్రైవ్‌ను కలిపారు. ఇవి 1,250 మాత్రమే తయారయ్యాయి. 1984 పారిస్ డాకార్ ర్యాలీ విజయాన్ని తలచుకుంటూ తెచ్చిన డాకార్ ఎడిషన్ 2,500 కార్లది. స్పోర్ట్ సస్పెన్షన్ ఉన్న కరేరా కంటే ఇది 50 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, కావాలంటే మరో 30 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. మట్టిదారి టైర్ల మూలంగా దీని గరిష్ఠ వేగాన్ని గంటకు 240 కిలోమీటర్లకు పరిమితం చేశారు. వేగం కోసం 911 కొనేవారికి అది లోటుగా అనిపించవచ్చు గానీ, ఆ పరిమితి వెనక ఉన్న కారణం నిజాయితీగా ఉందని నా నమ్మకం.

రెండో గుంపుకు 2020 నాటి టార్గా 4ఎస్ హెరిటేజ్ డిజైన్ ఎడిషన్ ఉదాహరణ (టార్గా అంటే పైకప్పు తెరుచుకునే 911). చెర్రీ రంగు, బంగారు రంగు అక్షరాలు, పాత కాలపు కార్డురాయ్ బట్ట వేసిన సీట్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ లోపలి యంత్రం టార్గా 4ఎస్‌దే. ఇలాంటి కారును ఇష్టపడి కొనడంలో తప్పేమీ లేదు. అరుదైన యంత్రమని చెప్పి అమ్మితే మాత్రం నమ్మకూడదు.

ఎన్ని కార్లు తయారు చేశారన్న సంఖ్యకు ఆ అరుదుదనంతో పెద్దగా సంబంధం ఉండదు. హెరిటేజ్ టార్గాలు 992, ఎందుకంటే తరం పేరు 992. 2016 నాటి 911 ఆర్ 991 కార్లది, అది 991 తరం. 2019 స్పీడ్‌స్టర్ 1,948 కార్లది, పోర్షే పేరుతో తొలి కారు రోడ్డెక్కింది 1948లో. 911 టర్బో 50 ఏళ్ల ఎడిషన్ 1,974 కార్లది, తొలి టర్బో వచ్చింది 1974లో. ఎస్/టీ 1,963 కార్లది, 911ను తొలిసారి చూపించింది 1963లో. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 2013లో వచ్చిన 50 ఏళ్ల ఎడిషన్ కూడా 1,963 కార్లదే, కానీ అది కరేరా ఎస్ ఆధారంగా చేసిన కారు. ‘1,963లో ఒకటి’ అని ప్రకటన ఇస్తే ఏ ఏడాది కారో, ఏ ఇంజనో అడగాలి. రెండింటికీ మధ్య పదేళ్లు, 100 పీఎస్‌కు పైగా తేడా ఉంది.

సంఖ్య పరిమితం కాబట్టి ధర పెరుగుతూనే ఉంటుందనే నమ్మకానికి 911 ఆర్ కథే సమాధానం. 500 పీఎస్ జీటీ ఇంజన్, మాన్యువల్ గేర్, రెక్క లేని బాడీ ఉన్న ఆ కారు అమ్మకానికి వచ్చిన కొత్తలో అసలు ధరకు ఎన్నో రెట్లు పలికింది. 2017లో పోర్షే మాన్యువల్ గేర్‌తో, రెక్క లేకుండా జీటీ3 టూరింగ్‌ను తెచ్చింది, దానికి సంఖ్యా పరిమితి పెట్టలేదు. అదే అనుభూతి మామూలు ధరకు దొరకడంతో ఆర్ ధరలు దిగివచ్చాయి. కాబట్టి లిమిటెడ్ ఎడిషన్‌కు అదనపు సొమ్ము చెల్లించే ముందు, అందులోని ప్రత్యేకతను కంపెనీ రేపు మామూలు మోడల్‌లో ఇవ్వగలదా అని ఆలోచించాలి. ఇవ్వగలిగేదైతే ఆ అదనపు ధరకు భరోసా లేదు.

చివరిగా కాగితాలు. డ్యాష్‌బోర్డు మీది నంబరు పలకను సాక్ష్యంగా తీసుకోకండి, పలకను మార్చడం కష్టం కాదు. ఛాసిస్ నంబరును చూడండి. పదిహేడు అక్షరాల ఆ నంబరు 911లకు డబ్ల్యూ, పీ, సున్నాతో మొదలవుతుంది. పదో స్థానంలోని అక్షరం మోడల్ సంవత్సరం: ఎల్ అయితే 2020, ఎమ్ 2021, ఎన్ 2022, పీ 2023, ఆర్ 2024. ఐ, ఓ, క్యూ అక్షరాలను వాడరు కనుక ఎన్ తర్వాత పీ, పీ తర్వాత ఆర్ వస్తాయి. పదకొండో స్థానంలోని ఎస్ స్టుట్‌గార్ట్ కర్మాగారానికి గుర్తు. పన్నెండో స్థానంలో 1 ఉంటే 991 తరం, 2 ఉంటే 992 తరం. 2019లో రెండు తరాలూ పక్కపక్కనే తయారయ్యాయి కాబట్టి ఆ ఏడాది కార్ల విషయంలో ఈ ఒక్క అంకె వాదనలన్నిటినీ తేలుస్తుంది. ఆ నంబరును అధికారిక డీలరుకు ఇచ్చి, కారు కర్మాగారం నుంచి ఏ మోడల్‌గా, ఏ రంగుతో, ఏ ఆప్షన్లతో బయటికి వచ్చిందో రాతపూర్వకంగా తీసుకోవాలి. అమ్మకందారు దీనికి వెనకాడితే బేరం అక్కడితో ఆపడమే మేలు.

991 తొలి జీటీ3 చూస్తున్నవారికి మరో తనిఖీ ఉంది. 2014లో కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులై ఇంజన్లకు నిప్పంటుకున్నాక పోర్షే 785 కార్లకూ కొత్త ఇంజన్లు వేసింది. ఆ తొలి కార్లలో ఒకటైతే ఇంజన్ మార్చిన రికార్డు ఉండి తీరాలి. అక్కడ ఇంజన్ మారడం లోపం కిందికి రాదు, మారకపోవడమే లోపం.

అమెరికాలో ఉండే మనవారు కొందరు ఇలాంటి కారు కొని, తర్వాత హైదరాబాదుకో విశాఖకో తెచ్చుకోవచ్చని అనుకుంటారు. భారత దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా కార్లకు స్టీరింగ్ ఎడమవైపే ఉంటుంది. కాబట్టి అక్కడ కొన్న డాకార్ అయినా ఎస్/టీ అయినా అక్కడే నడపడానికి, అక్కడే అమ్మడానికి అన్న లెక్కతోనే ధర కట్టుకోవాలి.