ఇంగ్లీషు క్రియలు – పాఠం 9: 'హ్యావ్' (మొదటి భాగం)

నిఘంటువులో 'హ్యావ్'కు ఎదురుగా 'కలిగి ఉండు' అని కనిపిస్తుంది. దాన్ని బట్టీ పట్టినవాళ్లకు తీరా మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ క్రియ నోటికి రాదు. ఎందుకంటే 'నేను ఇద్దరు తమ్ముళ్లను కలిగి ఉన్నాను' అని తెలుగువాళ్లెవరూ అనరు. 'నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు', 'నా దగ్గర గొడుగుంది', 'ఈ బల్లకు మూడే కాళ్లున్నాయి' అంటాం. మనకు ఈ పనంతా చేసిపెట్టేది 'ఉండు'. అందుకని 'కలిగి ఉండు'ను పక్కన పెట్టేసి, మనం నిజంగా అనే మాటల నుంచే మొదలుపెడదాం.

రూపాలు కొన్నే. వర్తమానంలో ఐ, యూ, వి, దే పక్కన 'హ్యావ్'. హి, షి, ఇట్ పక్కన 'హ్యాజ్'. భూతకాలంలో అందరికీ 'హ్యాడ్'.

వాక్యం కట్టే పద్ధతి ఇది. తెలుగులో 'కు' గానీ 'దగ్గర' గానీ ఎవరి పేరుకు తగిలిందో చూడండి. ఆ తోక తీసేసి, ఆ మనిషిని (లేదా వస్తువును) కర్తగా వాక్యం మొదట్లో పెట్టండి. నాకు – ఐ, ఆమెకు – షి, బల్లకు – ద టేబుల్. తర్వాత 'హ్యావ్' లేదా 'హ్యాజ్', ఆ తర్వాత ఉన్నదేమిటో చెప్పాలి: 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్.' 'ద టేబుల్ హ్యాజ్ ఓన్లీ త్రీ లెగ్స్.' తోక తీయకుండా మాటకు మాట పెడితే 'టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్', 'నియర్ మీ అంబ్రెల్లా ఈజ్ దేర్' లాంటి వాక్యాలు వస్తాయి. ఇవి ఇంగ్లీషు కావు.

ఇక్కడే ఎక్కువమంది జారే చోటొకటి ఉంది. 'ఆమెకు ఇద్దరు తమ్ముళ్లున్నారు' అన్నప్పుడు తెలుగు క్రియ తమ్ముళ్లను బట్టి మారింది. ఇద్దరు కాబట్టి 'ఉన్నారు', ఒక్కడే అయితే 'ఉన్నాడు', పుస్తకాలైతే 'ఉన్నాయి'. ఇంగ్లీషులో క్రియ చూసేది ఆమె వైపు. తమ్ముళ్లు పదిమంది ఉన్నా ఆమె ఒక్కతే కాబట్టి 'షి హ్యాజ్'. 'షి హ్యావ్ టూ బ్రదర్స్' అనే తప్పు రూపాలు తెలియక వచ్చేది కాదు. తెలుగు అలవాటు కొద్దీ 'ఇద్దరు' మీద దృష్టి పడటం వల్ల వస్తుంది. క్రియ పలికే ముందు ఉన్నవాటిని లెక్కపెట్టకండి, ఎవరికి ఉన్నాయో చూడండి.

'నాకు', 'నా దగ్గర' మధ్య తేడా మనకు ముఖ్యం. 'నాకు కారుంది, ఇప్పుడు నా దగ్గర లేదు' అంటాం. ఇంగ్లీషులో రెండింటికీ 'హ్యావే' వస్తుంది కాబట్టి ఆ తేడా చూపించడానికి చివర 'విత్ మీ' చేర్చాలి: 'ఐ హ్యావ్ ఎ కార్, బట్ ఐ డోంట్ హ్యావ్ ఇట్ విత్ మీ.'

అలాగని ప్రతి 'నాకు' 'హ్యావ్' అయిపోదు. నాకు తెలుసు – 'ఐ నో'. నాకు కావాలి – 'ఐ వాంట్'. నాకు ఆకలేస్తోంది – 'ఐ యామ్ హంగ్రీ'. నాకు ఇరవై ఏళ్లు – 'ఐ యామ్ ట్వెంటీ'. జబ్బుల సంగతి మాత్రం వేరు. జ్వరం మనకు 'వస్తుంది', ఇంగ్లీషులో 'హ్యావ్' పడుతుంది: 'ఐ హ్యావ్ ఎ ఫీవర్.' తలనొప్పి, జలుబు, దగ్గు అన్నీ అంతే.

ప్రశ్నకూ 'లేదు'కూ 'డు' సాయం కావాలి. 'డు యూ హ్యావ్ ఎ పెన్?' 'ఐ డోంట్ హ్యావ్ ఎ పెన్.' 'హి', 'షి' అయితే 'డజ్', భూతకాలమైతే 'డిడ్'. సాయానికొచ్చిన మాటే మార్పునంతా మోస్తుంది కాబట్టి అసలు క్రియ 'హ్యావ్' గానే మిగిలిపోతుంది. 'డజ్ షి హ్యాజ్', 'డిడ్ యూ హ్యాడ్' అనేవి రెండూ తప్పే. 'హ్యావ్ యూ గాట్ ఎ పెన్?' అన్నది కూడా వినిపిస్తుంది. బ్రిటిష్ ఇంగ్లీషులో అది మామూలే; దాంట్లో 'డు' ఉండదు.

ఇక 'హ్యావింగ్'. 'ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్', 'షి ఈజ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అనేవి చదువుకున్నవాళ్ల నోటా వినిపించే తప్పులు. 'ఇంగ్' తోక జరుగుతున్న పనికి పెట్టేది. కారు ఉండటం, తమ్ముళ్లు ఉండటం పనులు కావు, స్థితులు. అయితే 'హ్యావ్' కొన్నిచోట్ల పనిని కూడా చెబుతుంది. అప్పుడు 'ఇంగ్' పెట్టవచ్చు. పరీక్ష తెలుగులోనే ఉంది. మీ వాక్యం 'ఉంది, ఉన్నారు, ఉన్నాయి' అని ముగిస్తే 'హ్యావింగ్' వద్దు. 'తింటున్నాను, చేస్తున్నాడు, పడుతున్నారు' అని ముగిస్తే సరే: 'షి ఈజ్ హ్యావింగ్ లంచ్' – భోంచేస్తోంది. 'హి ఈజ్ హ్యావింగ్ ఎ బాత్' – స్నానం చేస్తున్నాడు. 'దే ఆర్ హ్యావింగ్ ట్రబుల్' – ఇబ్బంది పడుతున్నారు. ఒక్క జాగ్రత్త: 'తలనొప్పిగా ఉంది' స్థితే కాబట్టి 'ఐ హ్యావ్ ఎ హెడేక్' అనే అనాలి.

అభ్యాసం. కింది వాక్యాలను ఇంగ్లీషులో పైకి చెప్పి, ఆ తర్వాతే జవాబులు చూడండి.

1. మా అక్కకు ముగ్గురు పిల్లలు.
2. నీ దగ్గర చిల్లర ఉందా?
3. నిన్న వాడికి టైము లేదు.
4. నాకు దాహంగా ఉంది.
5. ఈ గదికి కిటికీలు లేవు.

జవాబులు:

1. 'మై సిస్టర్ హ్యాజ్ త్రీ చిల్డ్రన్.' తెలుగు వాక్యంలో క్రియే లేదు, ఇంగ్లీషులో వదిలేస్తే వాక్యం నిలవదు.
2. 'డు యూ హ్యావ్ ఎనీ చేంజ్?'
3. 'హి డిడ్‌న్ట్ హ్యావ్ టైమ్ యెస్టర్‌డే.' ఇక్కడ 'హ్యాడ్' అని వచ్చి ఉంటే 'డు' గురించి చెప్పిన భాగం మళ్లీ చదవండి.
4. 'ఐ యామ్ థర్స్టీ.' ఆకలి, దాహం 'హ్యావ్'లోకి రావు.
5. 'దిస్ రూమ్ డజ్‌న్ట్ హ్యావ్ ఎనీ విండోస్.' 'దిస్ రూమ్ హ్యాజ్ నో విండోస్' అన్నా సరైనదే. 'డజ్‌న్ట్ హ్యావ్ నో విండోస్' అని రెండు 'లేదు'లు పెట్టకూడదు.

రెండో భాగంలో 'వెళ్లాలి' అని చెప్పే 'హ్యావ్ టు', 'కుట్టించాను', 'కత్తిరించుకున్నాను' లాంటి మాటలకు 'హ్యావ్' వాడే తీరు నేర్చుకుందాం. ఈలోగా ఇంట్లో కనిపించే పది వస్తువులు తీసుకుని, అవి ఎవరివో చెబుతూ పది వాక్యాలు, ప్రతిదానికీ ఒక ప్రశ్న, ఒక 'లేదు' వాక్యం రాయండి.