వీర జవాను పరిచయం రాయాలంటే

ముందు పతకం పేరు. శత్రువుకు ఎదురునిలిచి చూపిన సాహసానికి పరమవీర, మహావీర, వీర చక్రలు. శత్రువుతో ముఖాముఖి పోరు కాని సందర్భాలకు అశోక, కీర్తి, శౌర్య చక్రలు. ఈ రెండు వరసలనూ కలిపేస్తే పరిచయం మొదట్లోనే తప్పుతుంది.

తేదీలు విడివిడిగా రాయండి. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు గల్వాన్‌లో నేలకొరిగింది 2020 జూన్ 15న. మహావీర చక్ర ప్రకటించింది 2021 జనవరిలో. కుటుంబం అందుకుంది ఆ నవంబరులో. ఉత్త ‘2021’ అని వదిలేస్తే వీరమరణమూ అప్పుడే అనుకుంటారు.

ఆయన యూనిట్ 16 బిహార్. అంటే బిహార్ రెజిమెంట్‌లో 16వ బెటాలియన్, పదహారో రెజిమెంట్ కాదు.

మహావీర చక్ర రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ. మరణానంతరం వచ్చింది కదా, పాత యూనిఫాం ఫొటోలో దాన్ని వెతక్కండి. పోరాట ఘట్టానికి అధికారిక ప్రశంసాపత్రమే ఆధారం. అందులో లేని సంభాషణలు అల్లొద్దు.