మీ పేటకు మీరే ఒక కైఫియత్తు రాయండి

రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి సహాయకులూ ఊళ్లు తిరిగారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత అని అడిగి రాయించారు. వాటినే కైఫియత్తులు అంటాం. తెలుగు ఊళ్ల చరిత్ర తవ్వేవారికి ఇప్పటికీ అవి పెద్ద ఆసరా. అయితే వాటిలో ఎక్కువగా వినిపించేది ఊరి లెక్కలు రాసే కరణాల గొంతు. చెరువు ఎవరు తవ్వించారో తెలుస్తుంది గానీ, అందులో నీళ్లు ముంచుకున్న ఆమె ఏమనుకుందో తెలియదు.

మీరుండే పేట గురించి ఇదే పని ఆ లోటు లేకుండా చేయవచ్చు. నలుగురైదుగురు మనుషులు, ఒక ఫోను, నోటుపుస్తకాలు, రెండు నెలల ఆదివారాలు ఉంటే చాలు. ఉదాహరణకు నేను హైదరాబాదులోని సుల్తాన్ బజారును తీసుకుంటున్నాను. నాలుగు అడుగులు వేస్తే నాలుగు భాషలు వినిపించే చోటు అది.

1. హద్దులు గీయించండి

వార్డు మ్యాపుతో మొదలుపెట్టకండి. పదిమందికి తెల్లకాగితం ఇచ్చి, మీ పేట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీయమనండి. ఆటో డ్రైవరు, దుకాణదారు, బడికి వెళ్లే పిల్ల, అందరినీ అడగండి. ఏ ఇద్దరి గీతా కలవదు. సుల్తాన్ బజారు ఎక్కడ ముగిసి కోఠి ఎక్కడ మొదలవుతుంది? బడీచౌడి ఇందులోదా, వేరా? ఈ తగవు తీర్చడం మీ పని కాదు. పది పటాలనూ ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి. అందరూ లోపల చేర్చిన చోటు పేటకు నడిబొడ్డు. గీతలు తప్పిన చోట కథలుంటాయి, అక్కడికి తప్పక వెళ్లండి.

2. పేర్లు పోగుచేయండి

బోర్డు మీది పేరు ఒక వరుసలో, నోటి మీది పేరు దాని పక్కన రాయండి. కోఠి అంటే పెద్ద భవంతి. నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా (రెసిడెంటుగా) ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టడం మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీయే ఆ భవంతి. దాని చుట్టూ పెరిగిన బజారు బ్రిటిష్ వారి అధికారం కింద రెసిడెన్సీ బజారుగా ఉండి, 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగివచ్చి సుల్తాన్ బజారు అయింది. తరవాత ఆ భవనం మహిళా కళాశాలకు దక్కింది. ఇప్పుడది విశ్వవిద్యాలయం, కానీ ఆటోవాళ్లకు కోఠి ఉమెన్స్ కాలేజీయే. ఒక్క భవనం పేర్లు వరుసగా రాస్తే ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో బయటపడుతుంది. సినిమాహాలు కూలి ఏళ్లు గడిచినా దాని పేరుతోనే బస్సు ఆగే చోట్లు మీ ఊళ్లోనూ ఉంటాయి. వాటిని వదలకండి.

3. ఒకే దారిలో మూడు వేళల్లో నడవండి

ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది. దారి మార్చకండి. "సందడిగా ఉంది" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎన్ని బండ్లు, వాటిలో గాజులవి ఎన్ని, ఎవరు ఏ మెట్టు మీద కూర్చున్నారు, ఏ షట్టరు ముందు తెరిచారు, ఇవి రాయండి.

4. మనుషులతో మాట్లాడండి

అసలు పని ఇదే, సగం సమయం దీనికే పోతుంది. పేట గురించి ఎవరు చెప్పగలరని అడిగితే అందరూ ఒకే మనిషిని చూపిస్తారు. పదవీ విరమణ చేసినవారు, మాట తీరైనవారు, తేదీలతో సహా చెప్పేవారు. ఆయనే మీ పేట కరణం! మర్యాద కొద్దీ ముందు ఆయన దగ్గరికే వెళ్లండి, కాఫీ తాగి రండి, కానీ అక్కడే ఆగకండి. ఇస్త్రీ బండి ఆయన, అద్దెకున్నవాళ్లు, కాపలాదారు, పెళ్లయి ఈ వీధికి వచ్చిన కోడలు, ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయిన కుటుంబం, వీళ్లందరి పేటలూ వేరు. ఆడవాళ్లతో మాట్లాడడానికి ఆడవాళ్లు వెళితే మాట తొందరగా సాగుతుంది.

"మీ పేట ప్రత్యేకత ఏమిటి?" అని మాత్రం అడగకండి. నేను మొదట్లో అదే అడిగి, "ఇక్కడ అందరం కలిసిమెలిసి ఉంటామండీ" అనే ఒకే జవాబుతో నోటుపుస్తకం సగం నింపాను. ఇలా అడిగి చూడండి: ఈ పేటకు వచ్చిన మొదటి రోజు ఎక్కడ భోంచేశారు? ఇంట్లో చక్కెర అయిపోతే ఎవరి తలుపు తడతారు? నీళ్లు రాని రోజు ఏం చేస్తారు? చీకటి పడ్డాక ఏ సందులోంచి వెళ్లరు? ఇప్పుడు లేనిదాన్ని ఒకటి చూపించమంటే ఎక్కడికి తీసుకెళతారు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది లేచి నిలబడి చెప్పులు వేసుకుంటారు. వారి వెంట నడవండి.

రికార్డు చేసేముందు అనుమతి అడగండి, ఆ అనుమతి కూడా రికార్డులో ఉండాలి. ఎందుకు వాడతారో చెప్పండి. మధ్యలో వద్దంటే ఆపేయండి. కులం, ఆస్తి తగాదాలు, అద్దె గొడవలు వచ్చినప్పుడు పేరు తీసేసి విషయం ఉంచండి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గుజరాతీ ఏ భాషలో చెబితే ఆ భాషలోనే విని, వారి మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దకండి.

5. కాగితాలతో సరిచూడండి

పాత శుభలేఖల్లో మారిపోయిన ఇంటి నంబర్లు దొరుకుతాయి. బడి సర్టిఫికెట్లు, దుకాణాల బిల్లుపుస్తకాలు, ఫొటోల వెనక రాతలు కూడా పనికొస్తాయి. అసలు ప్రతి తీసుకెళ్లవద్దు, ఆ ఇంట్లోనే ఫొటో తీసి చేతికిచ్చేయండి. దగ్గర్లోని పాత గ్రంథాలయానికి వెళ్లండి. సుల్తాన్ బజారుకు 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1908 మూసీ వరద తరవాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాదును సర్వే చేసి వివరమైన పటాలు గీశారు. అలాంటి పటం పక్కన ఫోనులోని మ్యాపు పెడితే పోయిన బావులు, మిగిలిన సందులు కనిపిస్తాయి. జ్ఞాపకమూ కాగితమూ కలవకపోతే రెండూ రాసుకోండి.

నిన్నమొన్నటి సంగతులను చిన్నచూపు చూడకండి. సుల్తాన్ బజారు మీదుగా మెట్రో వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. చివరికి ఆ దారిలోనే వచ్చింది, 2020 ఫిబ్రవరిలో స్టేషను తెరిచారు. స్తంభాలు లేచిన ఏడాది అమ్మకాలు ఎలా ఉన్నాయి, ఎవరు దుకాణం మార్చారు అన్నవి చెప్పేవారు ఇంకా అక్కడే ఉన్నారు. ముప్పై ఏళ్ల తరవాత అడిగితే దొరకరు.

6. కూర్చి, తిరిగి వినిపించండి

ప్రతి విషయం పక్కనా ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పారో ఉండాలి. ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురు ఒకే మాట చెబితే అది పేట స్వభావం కిందకి వస్తుంది. ఒక్కరే చెబితే అది వారి కథ, అలాగే రాయండి. ముద్రించకముందు ఒక సాయంత్రం గుడి మంటపంలోనో అపార్టుమెంటు సెల్లారులోనో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. "ఆ అరుగు మా నాన్న కట్టించింది, వాళ్లది కాదు" అని ఎవరో లేస్తారు. అభ్యంతరాన్ని తేదీతో సహా అంచున రాయండి.

మూడు ప్రతులు చేయించండి. ఒకటి గ్రంథాలయానికి, ఒకటి బడికి, ఒకటి వీధి మొదట్లోని కిరాణా దుకాణానికి. దుకాణం ప్రతికి చివర పది తెల్లకాగితాలు కలిపి కుట్టించి, దారంతో ఒక పెన్ను కట్టండి.